విలన్ మనమే! కింగ్‌డమ్ రష్ వెంజన్స్ కొనాలా, వద్దా?

ఈరోజు ఉరుగ్వే స్టూడియో ఐరన్‌హైడ్ 2018లో తెచ్చిన కింగ్‌డమ్ రష్ వెంజన్స్ గురించి మాట్లాడుకుందాం.

టవర్ డిఫెన్స్ అంటే దారి పక్కన టవర్లు కట్టి రాక్షసుల్ని ఆపడమే కదా. ఇక్కడ సీన్ రివర్స్! 2011లో వచ్చిన మొదటి గేమ్‌లో మనం ఓడించిన మాంత్రికుడు వెజ్‌నాన్ ఇప్పుడు మన బాస్. ఆర్క్‌లు, గాబ్లిన్లు మనవాళ్లు. మన మీదికొచ్చేది మంచోళ్ల సైన్యం.

ముందు ప్లస్‌లు. కామెడీ బాగా పండింది. యుద్ధం మధ్యలో కూడా నవ్వొస్తుంది. నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. లెవెల్‌కి ముందే 5 రకాల టవర్లు ఎంచుకోవాలి, అంటే ప్లాన్ మనదే.

ఇక మైనస్‌లు. పాత గేముల్లో టవర్ చివరి దశలో రెండు దారులుండేవి, ఏదో ఒకటి మనం ఎంచుకునేవాళ్లం. ఇందులో ఒకటే దారి. ఆట మధ్యలో ఆలోచించే పని కొంత తగ్గింది. అసలు చిరాకు డబ్బు దగ్గర. మొబైల్‌లో గేమ్ కొన్నాక కూడా కొన్ని టవర్లకీ, హీరోలకీ మళ్లీ డబ్బులు అడుగుతుంది.

నా మాటేంటంటే, గేమ్ కొనండి, లోపలి షాప్ జోలికి మాత్రం వెంటనే వెళ్లకండి. ఆడుతూ పోతే వచ్చే టవర్లతోనే ముందు కథ పూర్తిచేయండి. విలన్ మనం కావాలి గానీ, మన పర్సుకి కాదు!