మీకు తెలుసా? భీమవరము నుండి రాయికోడ్ దాక

దీర్ఘకాల శ్వాసకోశవ్యాధి గలవారికి సూక్ష్మజీవులు సోకి, తెమడ పచ్చబారి, ఆయాసము హెచ్చినపుడు వైద్యులు వ్రాయు మందులలో నొకటియైన డాక్సీసైక్లిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నుండిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ వంశములోనిది. మిస్సోరీ విశ్వవిద్యాలయపు గడ్డిమడి మట్టియందు ఆ యౌషధమునిచ్చు సూక్ష్మజీవిని బెంజమిన్ డగ్గర్ కనుగొనెను. ఆ మందు వెలువడిన 1948లోనే సుబ్బారావుగారు అస్తమించుట ఎంతటి దురదృష్టము! తెలంగాణలోని రాయికోడ్ పల్లెలలో పత్తికట్టెల పొగ యేండ్ల తరబడి పీల్చి ఊపిరితిత్తులు చెడిన అవ్వకు, అట్లు సూక్ష్మజీవులు సోకినపుడు వైద్యుడు చూచి యిచ్చినచో, డాక్సీసైక్లిన్ మేలు చేయును. వైరసు తెచ్చిన జలుబుపై మాత్రము పనిచేయదు. నిండు గ్లాసెడు నీటితో మ్రింగి, వెంటనే పండుకొనక కొంతసేపు కూర్చుండవలెను. లేనిచో గొంతు దిగువ అన్నవాహిక పుండుపడవచ్చును.