కంటి కొలతా? కొలబద్దా?

కృష్ణగిరి మామిడి మండీలో కాయను చేత పట్టకుండానే తూకం చెప్పగల పెద్దలున్నారు. వారి లెక్క తప్పితే పోయేది నాలుగు రూపాయలు. పెద్దప్రేగు లోపలి పొరపై మొలిచే పాలిప్ అనే కండ విషయంలో కంటి లెక్క అంత చవక కాదు.

పాలిప్‌లన్నీ ప్రమాదకరం కావు. ఎడినోమా అనే రకంలో కొన్ని మాత్రం ఏళ్ల తరబడి పెరిగి కేన్సరుగా మారుతవి. పెద్దదైన కొద్దీ ఆ భయం ఎక్కువ. వైద్యులు గీచుకున్న గీత 10 మిల్లీమీటర్లు. అమెరికా వైద్యసంఘాల 2020 సూచనల ప్రకారం, అంతకు చిన్నవి ఒకటి రెండు తీయించుకున్నవారు 7 నుండి 10 ఏళ్లకు మళ్లీ కొలనోస్కోపీకి పోవచ్చు. 10 ముట్టితే 3 ఏళ్లకే. తొమ్మిదికీ పదికీ నడుమ ఇంత దూరం!

కొలత మాత్రం తరచు కంటితోనే. గొట్టం చివరనున్న కటకం దగ్గరి వస్తువును పెంచి, దూరపుదాన్ని కుదించి చూపుతుంది. పైగా 5, 10 వంటి నిండు అంకెలంటే ఎవరికైనా మోజే కదా! బయటికి తీసిన కండ తునకలైతే లాబొరేటరీ కొలతా తప్పవచ్చు. అందుచేత తీయకముందే, వెడల్పు తెలిసిన తీగ ఉచ్చునో, నోరు తెరిచిన పట్టకారునో దాని పక్కన పెట్టి సరిచూడడం మేలు. లేజరు కాంతితో తెరపైనే కొలబద్ద చూపే పరికరాలు కూడా వచ్చినవి.

హోసూరు నుండి బెంగుళూరు పోయి పరీక్ష చేయించుకున్నవారు రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. ఒకసారి బయటికి తీయండి. అంకె వేశారా, "చిన్నది" అని ఊరుకున్నారా? "ఎన్ని మిల్లీమీటర్లు, దేనితో కొలిచారు డాక్టరుగారూ?" అని అడిగి, మళ్లీ రావలసిన సంవత్సరం ఆ కాగితం మీదనే వ్రాయించుకోండి.