రక్తపిశాచాన్ని ఎదిరించే వీరుడు

పిల్లలూ! ఆటలో ఒకడు మరీ బలవంతుడైపోయి మిగతావాళ్ళను ఏడిపించటం మీరు చూసే ఉంటారు. అప్పుడు ఏం చెయ్యాలి? వాణ్ణి ఆటలోంచి పొమ్మనాలా? లేక ఆటే మానెయ్యాలా? ఈ రెండూ కాక మూడో ఉపాయం ఒకటి ఉంది. అమెరికాలో కొందరు స్నేహితులకు అది తోచింది.

1970 దాటిన కొద్ది ఏళ్ళలో, మినెసోటా రాష్ట్రంలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన తన స్నేహితుల చేత ఒక కొత్తరకం ఆట ఆడించేవాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పాత్ర ధరించి, బ్లాక్‌మూర్ అనే ఊహాలోకంలో సాహసాలు చేసేవారు. వారిలో ఒకరి పాత్ర రక్తపిశాచం అయింది. దాని పేరు సర్ ఫాంగ్. పోనుపోను దానికి బలం ఎక్కువై, ఎదిరించటం కష్టమైపోయింది.

అప్పుడు వాళ్ళు ఏం చేశారో తెలుసా? సినిమాలలో రక్తపిశాచాలను వేటాడే వీరుణ్ణి తలుచుకుని, దైవబలంతో అటువంటివాటిని తరమగల కొత్త పాత్రను కల్పించారు. మైక్ కార్ అనే స్నేహితుడు ఆ పాత్ర ధరించాడు. అదే క్లెరిక్, అంటే దైవసేవకుడు. 1974లో గారీ గైగాక్స్, ఆర్నెసన్ కలిసి రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వెలువడినప్పుడు అందులో ఉన్న వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్.

ఈ ఆటకు కాగితమూ, పెన్సిలూ, పాచికలూ ఉంటే చాలు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది నెగ్గిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. అనుభవం వచ్చినకొద్దీ పాత్ర మెట్టు మెట్టుగా పైకి పోతుంది. మొత్తం 20 మెట్లు.

ఈ ఆటలో అస్థిపంజరాలు లేచి నడుస్తాయి, శవాలు తిరుగుతాయి, రక్తపిశాచాలు పొంచి ఉంటాయి. చచ్చినా చావనివన్న మాట! బేతాళ కథలు చదివిన మీకు ఇవి కొత్తేమీ కావు. సరే, వీటిని వేటాడే వీరుణ్ణి మనమే తయారుచేద్దామా? 2014లో వచ్చిన నియమాల ప్రకారం చూద్దాం. 2024లో వచ్చిన పుస్తకంలో కొన్ని లెక్కలు మారాయి.

ఒకే పాత్ర రెండు వృత్తులు నేర్చుకోవచ్చు. మన వీరుడు ముందు పాలడిన్, అంటే ప్రతిజ్ఞ పట్టిన యోధుడు అవుతాడు. తరవాత క్లెరిక్ అవుతాడు. దీనికి బలం, ఆకర్షణ, వివేకం, మూడూ కనీసం 13 చొప్పున ఉండాలి. మనకు ఇచ్చే అంకెలు 15, 14, 13, 12, 10, 8. వివేకానికి 15, బలానికి 14, ఆకర్షణకు 13 ఇచ్చేశాం. దేహదారుఢ్యానికి 12, చురుకుదనానికి 10 పోగా, బుద్ధికి 8 మాత్రమే మిగిలింది. చూశారా? అప్పుడే ఒక నష్టం వచ్చింది!

పాలడిన్‌గానే ఎందుకు మొదలుపెట్టాలి? మొదటి వృత్తి పాలడిన్ అయితే బరువైన కవచం తొడుక్కునే విద్య కూడా వస్తుంది. తరవాత పాలడిన్ అయితే ఆ వృత్తి నుంచి అది రాదు.

పాలడిన్‌గా రెండో మెట్టు ఎక్కగానే దివ్యప్రహారం వస్తుంది. కత్తి తగిలినప్పుడు ఒక మంత్రశక్తి ఖర్చు పెడితే, 8 ముఖాల పాచికలు రెండు వేసి అంత దెబ్బ అదనంగా కొట్టవచ్చు. ఎదుట ఉన్నది చచ్చినా చావనిదైతే మూడో పాచిక కూడా వెయ్యవచ్చు. పైగా అది వెలుగు దెబ్బ. రక్తపిశాచం గాయాలు వాటంతట అవే మానిపోతూ ఉంటాయి. ఈ దెబ్బ తగిలితే దాని తరవాతి వంతుకు అవి మానవు.

ఆ తరవాత అయిదు మెట్లూ క్లెరిక్‌గా ఎక్కుదాం. రెండో మెట్టులో పిశాచాలను తరిమే శక్తి వస్తుంది. 30 అడుగుల లోపల తనను చూసేవీ, తన మాట వినేవీ, పాచిక కలిసిరాకపోతే, ఒక నిమిషంపాటు పారిపోతాయి. అయిదో మెట్టు చేరాక అస్థిపంజరాల వంటి చిన్నవి పారిపోవటం కూడా ఉండదు, అక్కడికక్కడే నాశనమవుతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పారిపోయేదాన్ని కొట్టారో, దాని భయం పోతుంది! అది వెంటనే తిరగబడవచ్చు. అంటే మన వీరుడి రెండు విద్యలూ ఒకదాన్ని ఒకటి చెడగొట్టగలవు. తెలివైన వేటగాడు ముందు గుంపును తరుముతాడు. పారిపోయేవాటి జోలికి పోడు. పారిపోకుండా నిలిచినదాని మీదనే కత్తి ఎత్తుతాడు.

ఇప్పుడు నష్టం లెక్క చూద్దాం. మన వీరుడు మొత్తం ఏడు మెట్లు ఎక్కాడు. ఏడు మెట్లూ పాలడిన్‌గానే ఎక్కినవాడు ఒక వంతులో రెండు దెబ్బలు కొడతాడు. మనవాడు ఒక్కటే కొడతాడు. ఏడు మెట్లూ క్లెరిక్‌గానే ఎక్కినవాడికి నాలుగో తరగతి మంత్రాలు వస్తాయి. వాటిలో ఒకటి ఎటువంటిదంటే, దాన్ని ముందుగా ఒకరి మీద వేసి ఉంచితే, ఎనిమిది గంటలలోపల వాళ్ళు దెబ్బ తిని కూలిపోవలసిన సమయంలో ఒక్కసారి కూలకుండా కాపాడుతుంది. మన వీరుడికి అది రావాలంటే తొమ్మిదో మెట్టు దాకా ఆగాలి. ఈలోపల స్నేహితుడు కూలిపోతే?

అయితే రెండు వృత్తులు నేర్వటం తప్పా? కాదు. ముందు మీ జట్టును చూసుకోండి. కత్తి పట్టి ముందు నిలిచేవాడు అప్పటికే ఉన్నాడనుకోండి, మీరు క్లెరిక్‌గానే ఉండి వాణ్ణి కాపాడటం మేలు. అటువంటివాడు లేకపోతే, కవచం తొడిగి ముందు నిలిచే మన వీరుడు జట్టుకు ఆసరా అవుతాడు. మొదటి క్లెరిక్ కూడా అందుకే పుట్టాడు కదా! తాను గొప్ప అనిపించుకోవటానికి కాదు, ఆటలో అందరికీ చోటు ఉండటానికి.

సెలవు రోజున నలుగురు స్నేహితులు కలిసి కాగితాలు తీసుకోండి. అమ్మనో, నాన్ననో కథ నడపమనండి. పాత్రకు పేరు పెట్టకముందే, పక్కవాడి పాత్రకు ఏం తక్కువో అడిగి తెలుసుకోండి. ఆ తరవాత మీ మొదటి మెట్టు ఎక్కండి!