కుక్కపిల్ల గుర్రుమంటే కొట్టకండి

చుట్టాలు రాగానే మీ కుక్కపిల్ల మంచం కిందికి దూరి గుర్రుమంటోందా? తోక కాళ్ల మధ్య ముడిచి, చెవులు వెనక్కి వాల్చితే అది పొగరు కాదు, భయం. "దగ్గరికి రావద్దు" అని చెప్పడానికి అది గుర్రుమంటుంది. కొడితే భయం పోదు, ఆ హెచ్చరిక మాత్రం పోతుంది. అప్పుడు చప్పుడు చేయకుండానే కరవవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది మరీ ప్రమాదం.

ఇలా చేయండి:

1. వచ్చినవారిని కొంచెం దూరంగా కూర్చోమనండి. దాని కళ్లలోకి చూడవద్దని, చేయి చాపవద్దని చెప్పండి.

2. దాక్కున్న కుక్కపిల్లను బయటికి లాగవద్దు, ఎత్తుకుని ఎవరికీ అందించవద్దు.

3. వారి చేత ఉడికించిన గుడ్డుముక్క దానివైపు వేయించండి. తనంతట తానే దగ్గరికి రానివ్వండి.

4. రోజూ కొద్ది నిమిషాలే ఇలా అలవాటు చేయండి. సుమారు 3 నుండి 14 వారాల వయసులో కుక్కపిల్లలు కొత్తవారికి తేలికగా అలవాటుపడతాయి. కనుక ఆలస్యం చేయవద్దు.

మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించండి. ఎవరికైనా పంటిగాటు పడితే, అది చిన్నదైనా, సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పూయకండి. అదే రోజు ఆసుపత్రికి రండి.