మొగ మెఱుగని యజమాని

పాలమూరు కూలీ యన్న పేరు దేశమంతట ప్రసిద్ధము. ఆనకట్టలు, కాలువలు ఎక్కడ తలపెట్టినను మహబూబ్‌నగరు జిల్లా స్త్రీపురుషులు గుంపులుగా పోయి మన్నెత్తిరి, రాళ్లు మోసిరి. అచ్చటి కంట్రాక్టరునకు కూలీ పేరు తెలియదు. కూలీకి కంట్రాక్టరు మొగము తెలియదు. నడుమ గుంపు మేస్త్రీ యుండెను. వానలు లేని యేట అతడు ముందుగా నిచ్చిన పైకమే ఉభయులకును నమ్మకము. ఆ పైకము తీరక, వడ్డీ పెరిగి, పిల్లలతో సహా పనిలో చిక్కుకొన్న సంసారము లెన్నియో. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమును, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును ఇటువంటి బాధలను చూచియే చేసిరి.

ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగరులవంటి పట్టణములలో చదువుకొన్న స్త్రీలకు ఇల్లు కదలకయే అమెరికా, ఇంగ్లండు యజమానులకు కంప్యూటరుపై లెక్కలు వ్రాసియిచ్చుటయు, ఉత్తరములకు బదులిచ్చుటయు సాధ్యమైనది. ఇందు మేస్త్రీ లేడు. మఱి నమ్మకమునకు పూచీ యెవరు?

కొందఱు యజమానులు పనివారి కంప్యూటరు తెరను నిమిషములు లెక్కించి ఫొటో తీయించుకొందురు. ఇది మేస్త్రీ చేతికఱ్ఱకు చుట్టమని మా యభిప్రాయము. అంతకన్న మేలైన పద్ధతి, మొదట చిన్న పని యొకటి ఒప్పుకొని, చెప్పిన గడువులో ముగించి, దాని కూలి చేతికందిన పిమ్మట పెద్దపని కొప్పుకొనుట. కొన్ని మధ్యవర్తి సంస్థలు యజమాని సొమ్మును ముందుగానే తమయొద్ద నిలిపి, పని ముగియగానే పనివారికి చేర్చును. కరెంటు పోయినను, బిడ్డకు జ్వరము వచ్చినను, గడువు దాటకముందే రెండు వాక్యములు వ్రాసి తెలుపవలెను. ఆలస్యమును మన్నించు యజమాని గలడు గాని, మౌనమును మన్నించువాడు అరుదు.

పని యిచ్చెదమని ముందుగా ధరావతు అడుగువారును, బ్యాంకు ఓటీపీ అడుగువారును యజమానులు కారు. మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇక అసలు చిక్కు మన యింటిలోనే యున్నది. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పుడు మనకు దీపాలవేళ. కోడలు ఇంటిలోనే కూర్చున్నది గనుక తీరికగా నున్నదని అత్తగారు తలచును. పొయ్యిమీది పప్పు చూడుమని పిలుచును. ఆమె మాటిమాటికి లేచిపోవుట చూచి, దూరపు యజమాని సోమరి యనుకొనును. సంపాదన అందఱికిని కావలెను, వేళ మాత్రము ఎవ్వరును విడువరు! (మగవారు వంటయింటిలో అడుగు పెట్టుటకు ఇంతకన్న మంచి యదను మాకు తోచుట లేదు.)

పనివేళలను పెద్ద యక్షరములతో వ్రాసి, వంటయింటి కాలెండరు ప్రక్కన అంటింపుడు. అమెరికాలో ఏటేటా మార్చి, నవంబరు నెలలలో గడియారములను ఒక గంట జరుపుదురు. కావున వేసవిలో 6-30కు మొదలగు పని చలికాలమున 7-30కు మొదలగును. ఆ దినములలో కాగితమును మరల దిద్ది, ఇంటివారందఱికిని చూపవలెను.