సిలిండర్ ఇంకెన్ని రోజులు వస్తుంది?

సంచికకు ఏదైనా రాయమని అడిగారు. కవితలు, కథలు రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి మేము మన వంటగది గురించి రాస్తున్నాం.

2017 మార్చిలో మా బ్యాచ్ పదో తరగతి పరీక్షలు రాసింది. లెక్కల పరీక్ష రోజు పొద్దున ఉప్మాకు ఎసరు మరుగుతుండగానే పొయ్యి ఆరిపోయింది. రెండో సిలిండర్ లేదు. ముందురోజు రాత్రి మంట చూసి "ఇంకా రెండు రోజులు వస్తుందిలే నాన్నా" అన్న వంట పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తలా నాలుగు బిస్కట్లు తిని పరీక్షకు వెళ్ళాం. సాయంత్రం వచ్చేసరికి అందరూ ఆమెనే అంటున్నారు. మేమూ ఒక మాట అన్నాం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే తప్పు ఆమెది కాదు. డిగ్రీలో ఆవిరి పీడనం పాఠం విన్నాక గానీ మాకు ఆ సంగతి తెలియలేదు.

మంట ఎందుకు చెప్పదు?

మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. మా అమ్మలు కట్టెల పొయ్యి మీద వండేవారు. మోపు తరిగిపోతుంటే కంటికి కనబడుతుంది, రేపటికి చాలదని ఇవాళే తెలుస్తుంది. సిలిండర్ అలా కాదు. దానిలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం. దాని పైన కొంత జాగాలో ఆవిరి ఉంటుంది. మనం మండించేది ఆ ఆవిరినే. కొంత వాడగానే ద్రవంలోంచి మళ్ళీ అంత ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి ఒత్తిడి వేడిమిని బట్టి ఉంటుంది గానీ ఎంత ద్రవం మిగిలిందన్నదాన్ని బట్టి కాదు. అందుకే సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగున కాస్తే ఉన్నా మంట ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ద్రవం అయిపోయాకే మంట తగ్గుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. పెద్ద పొయ్యి మీద చాలాసేపు వండితే ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ని చల్లబరుస్తుంది. పైన చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి. ఒత్తిడి తగ్గి మంట చిన్నదవుతుంది. గ్యాసు ఉండగానే అయిపోయిందని సిలిండర్ మార్చేస్తారు. మంటను నమ్మితే రెండు రకాలుగానూ నష్టమే.

కాటా చెబుతుంది

బియ్యం తూచే కాటా మన స్టోర్ రూములోనే ఉంది. ఇళ్ళకు వచ్చే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు, హోటళ్ళకు, పెద్ద వంటశాలలకు వచ్చేదానిలో 19 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని పైభాగంలోనే రాసి ఉంటుంది. అది ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని రాసుకోవాలి.

ఒక లెక్క చేద్దాం. ఖాళీ బరువు 18 కిలోలు అనుకోండి. ఆదివారం పొద్దున కొత్త సిలిండర్ తూస్తే 37 కిలోలు. మంగళవారం పొద్దున అదే వేళకు 25 కిలోలు. అంటే రెండు రోజులకు 12 కిలోలు, రోజుకు 6 కిలోలు ఖర్చయింది. తిన్నవాళ్ళు వందమంది అయితే మనిషికి రోజుకు 60 గ్రాములు. మిగిలింది 25లోంచి 18 తీసేస్తే 7 కిలోలు. బుధవారం పొద్దునకి ఒక్క కిలో మిగులుతుంది. ఉప్మా సగంలో ఆగేది ఆ రోజే!

ఈ 60 ఉదాహరణకు చెప్పిన అంకె. మన అంకె మనమే తేల్చుకోవాలి. కోడికూర వండే రోజు ఎక్కువ, పండగ సెలవుల్లో తక్కువ అవుతుంది కనుక వారం రోజుల సగటు తీయండి. సిలిండర్ రావడానికి మూడు రోజులు పడుతుందనుకుంటే, నాలుగు రోజులకు సరిపడా ఉన్నప్పుడే వార్డెన్ సారుకి చెప్పాలి.

మూత విలువ

కిలో గ్యాసు మండితే సుమారు 11,000 కిలో క్యాలరీల వేడి వస్తుంది. దానిలో సగం గిన్నెకు అందిందనుకుందాం. లీటరు నీళ్ళు ఆవిరైపోవడానికి 540 కిలో క్యాలరీలు కావాలి. అంటే మూత లేక లీటరు నీళ్ళు గాలిలో కలిస్తే దాదాపు 100 గ్రాముల గ్యాసు పోయినట్టే. అయిదు లీటర్లు పోతే అర కిలో. పై లెక్కన అది ఎనిమిది మందికి ఒకరోజు వంట. ఎసరు మీద మూత పెట్టడం, బియ్యం, పప్పు ముందే నానబెట్టడం ఖర్చులేని పొదుపు.

జాగ్రత్తలు

తూచే పని వంటవాళ్ళదీ, కామాటిదీ. పిల్లలు నోట్‌బుక్ రాస్తే చాలు. పొయ్యి ఆర్పి, వాల్వు కట్టేసి, రెగ్యులేటర్ తీశాకే సిలిండర్‌ని నిలువుగా కాటా మీద పెట్టాలి. అయిపోవచ్చిందని దాన్ని పడుకోబెట్టకూడదు, వేడినీళ్ళలో పెట్టకూడదు. పడుకోబెడితే ద్రవమే పొయ్యిలోకి వచ్చి మంట ఎగుస్తుంది. వేడి చేస్తే లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. ఈ గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి.

తమ్ముళ్ళూ, వంటగది తలుపుకి ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. తేదీ, తిన్నవాళ్ళ సంఖ్య, సిలిండర్ బరువు. రోజుకు మూడు అంకెలు చాలు. మీ పరీక్షల రోజుల్లో ఎవరూ ఖాళీ కడుపుతో వెళ్ళరు. వంట చేసి పెట్టిన అమ్మను ఎవరూ మాట అనరు. ఆ రోజు మేము రాసిన లెక్కల పేపరులో మార్కులు బాగానే వచ్చాయి గానీ, వంటగదిలో చేయాల్సిన ఈ లెక్క మాత్రం చేయలేకపోయాం. మీరు చేయండి.