నైజీరియా: 2014లో ఫస్ట్, 2024లో నాలుగో ప్లేస్. మధ్యలో ఏం జరిగింది?

"ఆఫ్రికాలో టాప్ 10 ఎకానమీలు" అనే రీల్స్ మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. రంగురంగుల బార్లు పరిగెడుతుంటాయి, వెనకాల మ్యూజిక్ దంచేస్తుంటుంది. వాటిలో నైజీరియా బార్ ఒక్కటే చూడండి. 2014లో టక్కున సౌతాఫ్రికాని దాటేస్తుంది. పదేళ్లకి నాలుగో ప్లేస్‌కి జారిపోతుంది. ఇవాళ ఆ ఒక్క బార్ సంగతే.

2014 ఏప్రిల్ 6, ఆదివారం. నైజీరియా గణాంకాల శాఖ కొత్త లెక్క బయటపెట్టింది. 2013 జీడీపీ 42 లక్షల కోట్ల నైరాలు అనుకున్నది కాస్తా 80 లక్షల కోట్లు అయింది. అంటే దాదాపు 510 బిలియన్ డాలర్లు. ఒక్క ప్రకటనతో 89 శాతం పెరిగింది! శనివారం రాత్రి పేదగా పడుకున్న వాడు ఆదివారం కూడా పేదగానే లేచాడు, అది వేరే విషయం.

దొంగ లెక్కా? కాదు. అప్పటిదాకా వాళ్ల లెక్కకి ఆధారం 1990 నాటి ఎకానమీ. అప్పుడు ఏ రంగం ఎంత ఉందో ఆ వాటాలే పట్టుకుని ఏటా పైన కలుపుకుంటూ పోయారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, 20 ఏళ్లు దాటినా యాప్‌ని అప్‌డేట్ చెయ్యకపోవడం. 1990లో అక్కడ ఫోన్ ఉండటమే గొప్ప, 2014 నాటికి మొబైల్ కనెక్షన్లు 10 కోట్లు దాటాయి. నాలీవుడ్ అని పెద్ద సినిమా పరిశ్రమే పుట్టుకొచ్చింది. ఇవన్నీ పాత లెక్కలో సరిగ్గా లేవు. బేస్ ఇయర్‌ని 2010కి మార్చగానే కనిపించాయి. ఘనా కూడా 2010లో ఇలాగే లెక్క మార్చి తన జీడీపీని 60 శాతం దాకా పెంచుకుంది.

మరి పడిపోవడం? అది పూర్తిగా వేరే కథ. 2023 జూన్‌లో నైరాని మార్కెట్‌కి వదిలేశారు. డాలర్‌కి 460 నైరాల చుట్టూ ఉన్న రేటు 2024 మొదట్లో 1,500 దాకా వెళ్లింది. నైరాల్లో జీడీపీ పెరుగుతూనే ఉంది, కానీ డాలర్లలోకి మార్చేసరికి కుప్పకూలింది. 2024 ఏప్రిల్‌లో ఐఎంఎఫ్ అంచనా ఇదీ: సౌతాఫ్రికా 373, ఈజిప్ట్ 348, అల్జీరియా 267, నైజీరియా 253 బిలియన్ డాలర్లు.

"ఇదంతా కాగితం మీద ఆటే కదా బ్రో" అనకండి. పైకి వెళ్లింది కాగితం మీదే, కిందకి వచ్చింది మాత్రం వంటింట్లోకి. గోధుమలు, మందులు, మెషిన్లు డాలర్లు పెట్టి కొనాలి. 2023 మేలోనే పెట్రోల్ సబ్సిడీ కూడా తీసేశారు. 2024లో ధరల పెరుగుదల 30 శాతం దాటింది.

ఇంకో పక్క, స్థానిక ధరలని బట్టి లెక్కేసే పీపీపీ పద్ధతిలో అదే 2024లో ఈజిప్ట్ ఫస్ట్, నైజీరియా సెకండ్, సౌతాఫ్రికా థర్డ్. తలసరి చూస్తే మళ్లీ సీన్ రివర్స్. 6 కోట్ల పైచిలుకు జనం ఉన్న సౌతాఫ్రికాలో మనిషికి 6 వేల డాలర్ల దాకా వస్తే, 22 కోట్లు దాటిన నైజీరియాలో 1,100 చుట్టూ.

2025 జూలైలో నైజీరియా ఇంకోసారి బేస్ ఇయర్ మార్చింది, ఈసారి 2019కి. 2024 జీడీపీ 243 బిలియన్ డాలర్లని తేలింది. ర్యాంక్ మాత్రం నాలుగే.